మత్తు కాని మత్తు: బెజవాడ వార్తల్లో మెథాంఫెటమిన్

విజయవాడలో సింథటిక్ డ్రగ్స్ పట్టుబడ్డాయన్న వార్త వచ్చిన ప్రతిసారీ పేపర్లలో, టీవీ స్క్రోలింగుల్లో, అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపుల్లో నాలుగైదు పేర్లు ఒకదానిమీద ఒకటి పడిపోతుంటాయి. ఒకరు ఎండీఎంఏ అంటారు, మరొకరు ఐస్ అంటారు, ఇంకొకరు క్రిస్టల్ అంటారు, శీర్షికలో మాత్రం ‘మత్తు పదార్థాల పట్టివేత’ అని తేల్చేస్తారు. చదివినవారికి సందేహాలు అలాగే మిగిలిపోతాయి: గుప్పెట్లో పట్టేంత సరుకుకు ఇంత హడావుడి ఎందుకు, ఒక కుర్రాడికి వారంలో బెయిలు వచ్చి ఇంకొకడు ఏడాదిగా జైల్లో ఎందుకున్నాడు, అసలు వాడినవాడు మామూలు మనిషి అవుతాడా? గంజాయి, సారాలతో మనకు అలవాటైన కొలతలనే ఇక్కడా వాడబోవడం వల్లనే ఈ తికమక వస్తోందని నాకనిపిస్తుంది. ఈ పదార్థం వేరు, దాని తూకం వేరు, దానికి చేసే వైద్యం వేరు.

ఐస్, ఎండీ, ఎఫెడ్రిన్: ఏది ఏది

మెథాంఫెటమిన్ అన్నది ప్రయోగశాలలో తయారయ్యే ఉత్ప్రేరకం. పొడిగానూ మాత్రలుగానూ దొరికినా, ఎక్కువగా వార్తల్లోకి వచ్చేది స్ఫటిక రూపం. చూడటానికి చితక్కొట్టిన పటికబెల్లం పలుకుల్లా ఉంటుంది కాబట్టి ఐస్ అనీ క్రిస్టల్ అనీ పేర్లు వచ్చాయి. ఇది కొత్తగా పుట్టినదేమీ కాదు. ఎఫెడ్రా అనే మొక్కలోని ఎఫెడ్రిన్ నుంచి 1893లో జపాన్ రసాయన శాస్త్రవేత్త నగాయి నగయోషి దీన్ని తయారు చేశాడు. 1919లో అకిరా ఒగాటా దాన్ని స్ఫటిక రూపంలోకి తెచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ సైనికులకు పెర్విటిన్ పేరుతో ఇచ్చిన మాత్ర ఇదే. నిద్ర, ఆకలి, అలసట తెలియకుండా చేస్తుందన్నదే దాని ఉపయోగం, అదే దాని ప్రమాదం.

ఎండీఎంఏ దీనికి దాయాది. దాని పూర్తి రసాయన నామంలో మెథాంఫెటమిన్ అన్న మాట ఉన్నా, రెండూ ఒకటి కావు. ఎక్స్‌టసీ, మోలీ అనే పేర్లతో పార్టీల్లో తిరిగేది ఎండీఎంఏ. దాని ప్రభావం నాలుగైదు గంటల్లో తగ్గుతుంది. మెథాంఫెటమిన్ ప్రభావం ఎనిమిది నుంచి పన్నెండు గంటలు, ఒక్కోసారి అంతకుమించి ఉంటుంది. ‘ఎండీ’ అన్న పొట్టి పేరుతో ఇంకో చిక్కుంది: కొన్ని నగరాల్లో దాన్ని ఎండీఎంఏకు కాక మెఫెడ్రోన్ అనే మూడో పదార్థానికి వాడతారు. తర్వాత చెప్పబోయే శిక్షల లెక్కలో ఈ తేడాలే తలరాతలు మారుస్తాయి.

ఎఫెడ్రిన్ దగ్గర మరింత జాగ్రత్త కావాలి. అది ఆస్పత్రుల్లో రోజూ వాడే మందు. సిజేరియన్ కోసం వెన్నుకు మత్తు ఇచ్చినప్పుడు బీపీ పడిపోతే ఎక్కించే ఇంజక్షన్లలో అదొకటి. దాని తోబుట్టువైన సూడోఎఫెడ్రిన్ జలుబు మాత్రల్లో ఉంటుంది. అయితే మెథాంఫెటమిన్‌కు ముడిసరుకు కూడా ఇవే కాబట్టి, ప్రభుత్వం వీటిని ‘నియంత్రిత పదార్థాలు’గా ప్రకటించి, తయారీ, రవాణా, అమ్మకాలకు లెక్కలు చూపమంటుంది. 2022లో విజయవాడలోని ఒక కొరియర్ కార్యాలయం నుంచి ఆస్ట్రేలియాకని బయలుదేరి తిరిగొచ్చిన పార్శిల్‌లో బెంగళూరు కస్టమ్స్ అధికారులు గుర్తించినది ఎఫెడ్రిన్‌నే. అంటే అది బెజవాడ కుర్రాళ్లు వాడే సరుకు కాదు, ఎక్కడో మెథాంఫెటమిన్‌గా మారడానికి వెళ్తున్న ముడిసరుకు. అలాగే 2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా రేవులో దాదాపు 3 వేల కిలోల మాదకద్రవ్యం దొరికి, దిగుమతిదారు చిరునామా విజయవాడది కావడంతో ఊరి పేరు దేశమంతా మారుమోగింది. అది హెరాయిన్, అఫ్గానిస్థాన్ నుంచి ఇరాన్ మీదుగా వచ్చింది. నగరానికి దానితో ఉన్న సంబంధం కాగితం మీది చిరునామా వరకే కనిపించింది. చర్చల్లో మాత్రం ఈ రెండు కేసులనూ కలిపి ‘బెజవాడ డ్రగ్స్ కేసు’ అనేవారు ఇప్పటికీ ఉన్నారు.

నిద్ర రానివ్వని దాన్ని మత్తు అనడం వల్ల వచ్చే పొరపాటు

తెలుగులో మత్తు అంటే తూలడం, జోగడం, మగతలోకి జారడం. కల్లు తాగినవాడూ, నల్లమందు తిన్నవాడూ ఆ మాటకు సరిపోతారు. మెథాంఫెటమిన్ వాడినవాడు సరిపోడు. అది మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని ఒక్కసారిగా వెలుపలికి నెట్టి, తిరిగి లోపలికి పోకుండా అడ్డుకుంటుంది. ఫలితంగా మనిషి విపరీతమైన హుషారుతో, ఆత్మవిశ్వాసంతో, ఆగని మాటలతో ఉంటాడు. గుండె వేగం, రక్తపోటు, ఒంటి వేడి పెరుగుతాయి.

ఇది ఇంట్లో ఎలా కనబడుతుందో ఊహించి చూద్దాం. హాస్టల్ నుంచి వచ్చిన కొడుకు రెండు రాత్రులు పడుకోలేదు. పెట్టిన అన్నం ముట్టలేదు, కానీ గదిలోని ఫ్యాన్ రెగ్యులేటర్‌ను విప్పి, బిగించి, మళ్లీ విప్పుతున్నాడు. పళ్లు పటపట కొరుకుతున్నాడు. మోచేతి మీద ఒకే చోట గోకి గోకి పుండు చేసుకున్నాడు. మూడో రోజుకి, వీధిలో ఆగిన బైకు తనకోసమే వచ్చిందనీ, ఎదురింటి సీసీ కెమెరా తన కిటికీ వైపే తిరిగిందనీ గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టాడు. వాసన రాదు, తూలడు, మాట తడబడదు. తల్లిదండ్రులు దీన్ని పరీక్షల ఒత్తిడి అనుకుంటారు, లేదా గాలి సోకిందేమోనని తాయెత్తు కట్టిస్తారు. మత్తు అన్న మాట వారికి తట్టదు. నాలుగో రోజున అతను పడుకుని రోజున్నర లేవకపోతే, ‘హమ్మయ్య, కుదుటపడ్డాడు’ అనుకుంటారు. నిజానికి మందు ప్రభావం దిగిపోయాక వచ్చే కుప్పకూలే దశ అదే. లేచాక విపరీతమైన ఆకలి, ఏ పనిమీదా ఆసక్తి లేకపోవడం, కుంగుబాటు ఉంటాయి. ఆత్మహత్య ఆలోచనల ప్రమాదం కూడా ఆ రోజుల్లో ఎక్కువే.

శరీరం మీద దీని దెబ్బల్లో బెజవాడవాళ్లు ప్రత్యేకంగా గమనించాల్సినది ఒంటి వేడి. అతిమోతాదు మరణాల్లో శరీర ఉష్ణోగ్రత అదుపు తప్పడం ఒక ముఖ్య కారణం. మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఊళ్లో, దాహం, అలసట తెలియకుండా చేసే పదార్థం ఏం చేయగలదో వేరే చెప్పనక్కర్లేదు. పైగా హెరాయిన్ అతిమోతాదుకు నలోక్సోన్ అనే విరుగుడు ఉన్నట్టు దీనికి విరుగుడు మందు లేదు. ఎమర్జెన్సీలో వైద్యులు చేసేదల్లా ఒంటిని చల్లబరచడం, సెలైన్ ఎక్కించడం, ఉద్రేకాన్ని తగ్గించే మందులివ్వడం, గుండెను కనిపెట్టి ఉండటం.

సరుకు వచ్చే దారులు

ప్రపంచంలో మెథాంఫెటమిన్ భారీగా తయారయ్యే ప్రాంతాల్లో మయన్మార్‌లోని షాన్ రాష్ట్రం ఒకటి. అక్కడి నుంచి కెఫీన్ కలిపిన యాబా మాత్రలు ఈశాన్య రాష్ట్రాల మీదుగా వస్తాయి, స్ఫటిక రూపం సముద్రం మీద కదులుతుంది. 2024 నవంబరులో అండమాన్ సముద్రంలో మయన్మార్ పడవ నుంచి తీర రక్షక దళం పట్టుకున్నది అయిదున్నర వేల కిలోలకు పైగానే. 2023 మేలో కేరళ తీరానికి దగ్గర్లో నౌకాదళం, నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో కలిసి పట్టుకున్నది సుమారు 2,500 కిలోలు.

ఆ టన్నులకూ, పటమటలోనో భవానీపురంలోనో ఒక కుర్రాడి జేబులో దొరికే గ్రాములకూ మధ్య ఎన్నో చేతులుంటాయి. మన్యం గంజాయి లారీల్లో, రైళ్లలో బస్తాలుగా కదులుతుంది. చెన్నై, హౌరా, ఢిల్లీ లైన్లు కలిసే జంక్షనూ, 16వ, 65వ జాతీయ రహదారులు కలిసే కూడలీ విజయవాడే కాబట్టి ఆ సరుకు నగరాన్ని దాటక తప్పదు. సింథటిక్ సరుకుకు బస్తా అక్కర్లేదు, లారీ అక్కర్లేదు. బెంగళూరు నుంచి రాత్రి బస్సులో వచ్చేవాడి పర్సులో, లేదా కొరియర్ కవర్లో అది ఇమిడిపోతుంది. చెక్‌పోస్టులో డిక్కీలు తెరిపించే పద్ధతి గంజాయికి పనిచేసినంతగా దీనికి పనిచేయకపోవడానికి కారణమిదే. ఇక్కడి కేసులు ఎక్కువగా ముందస్తు సమాచారం మీద, ఫోన్ల మీద, చెల్లింపుల ఆనవాళ్ల మీద ఆధారపడతాయి. రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో ఈగల్ పేరుతో ప్రత్యేక విభాగాన్ని పెట్టి, సమాచారం కోసం 1972 నంబరు ఇచ్చింది. తెలంగాణ కూడా 2025లో తన విభాగానికి అదే పేరు పెట్టుకోవడంతో వార్తల్లో ఏ ఈగల్ ఏ రాష్ట్రానిదో చూసుకుని చదవాల్సి వస్తోంది.

పావు కాసు నుంచి ఆరుంబావు కాసుల దాకా: చట్టం తూకం

మాదకద్రవ్యాలను నియంత్రించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టానికి 2001లో చేసిన సవరణ శిక్షను తూకంతో ముడిపెట్టింది. ప్రతి పదార్థానికీ ‘స్వల్ప పరిమాణం’, ‘వాణిజ్య పరిమాణం’ అని రెండు గీతలు గీశారు. మొదటి గీతకు లోపలుంటే ఏడాది వరకు జైలు లేదా 10 వేల వరకు జరిమానా లేదా రెండూ. రెండు గీతల మధ్యనుంటే పదేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. రెండో గీత దాటితే పదేళ్లకు తగ్గకుండా ఇరవై ఏళ్ల వరకు జైలు, లక్ష నుంచి రెండు లక్షల జరిమానా.

మెథాంఫెటమిన్‌కు ఆ గీతలు 2 గ్రాములు, 50 గ్రాములు. మన ఇళ్లలో తెలిసిన తూకంలో చెప్పాలంటే పావు కాసు, ఆరుంబావు కాసులు. గంజాయికి అవే గీతలు 1 కిలో, 20 కిలోలు. అంటే చట్టం దృష్టిలో ఇరవై కిలోల గంజాయి బస్తా, ఆరుంబావు కాసుల ఐస్ ఒకే గీత మీద ఉన్నాయి. తూకంలో మాత్రం నాలుగు వందల రెట్ల తేడా. ‘యాభై గ్రాములకే ఇరవై ఏళ్లా’ అని ఆశ్చర్యపోయేవారు ఈ నిష్పత్తిని చూడాలి. ఎండీఎంఏకు గీతలు ఇంకా దగ్గర: అర గ్రాము, 10 గ్రాములు.

ఇప్పుడు పేర్ల తేడా ఎందుకంత ముఖ్యమో చూద్దాం. ఇద్దరి దగ్గర చెరో 12 గ్రాముల తెల్లటి పలుకులు దొరికాయనుకుందాం. ఫోరెన్సిక్ ల్యాబ్ ఒకదాన్ని మెథాంఫెటమిన్ అనీ, రెండోదాన్ని ఎండీఎంఏ అనీ తేల్చింది. మొదటివాడిది మధ్య పరిమాణం. కనీస శిక్ష అంటూ లేదు, పదేళ్ల లోపు ఎంతైనా వేయవచ్చు. రెండోవాడిది వాణిజ్య పరిమాణం. నేరం రుజువైతే పదేళ్లకు తగ్గదు. పట్టుకున్న చోట పోలీసులు చేసే రంగు పరీక్ష అనుమానాన్ని బలపరుస్తుందే తప్ప తీర్పు చెప్పదు. అందుకే తొలిరోజు ప్రెస్‌మీట్లో చెప్పిన పేరు, అభియోగపత్రంలో ఉన్న పేరు వేరుకావచ్చు.

రెండో ఉదాహరణ కల్తీది. మూడు గ్రాముల పొట్లంలో అసలు మందు ఒకటిన్నర గ్రాము, మిగతాది కల్తీ పొడి. ఏది తూచాలి? అసలు మందునే లెక్కించాలని సుప్రీంకోర్టు 2008లో మైఖేల్ రాజ్ కేసులో చెప్పింది. ఆ లెక్కన ఇది స్వల్ప పరిమాణం. 2020 ఏప్రిల్‌లో హీరా సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చి, కల్తీతో సహా మొత్తం బరువు చూడాలంది. ఇప్పుడు అదే పొట్లం మధ్య పరిమాణం, ఏడాది కాస్తా పదేళ్ల దాకా సాగింది. వీధిలో పొట్లం అమ్మేవాడు కల్తీ చేసేకొద్దీ కొన్నవాడికి శిక్ష పెరుగుతుందన్నది ఈ తీర్పు మీద ఉన్న విమర్శ. వీధిలోకి వచ్చేది ఎప్పుడూ కల్తీ సరుకే, హాని చేసేదీ అదే, కాబట్టి స్వచ్ఛత లెక్కలతో పెద్ద అమ్మకందారులు తప్పించుకోరాదన్నది దాని వెనుక తర్కం. రెండు వాదాల్లోనూ పసుంది. అయితే జేబులో ఒక్క పొట్లం ఉన్న వాడుకదారు మీద దాని భారం ఎక్కువ పడుతోందని నాకనిపిస్తుంది.

బెయిలు చిక్కు కూడా ఈ గీతల దగ్గరే విడిపోతుంది. వాణిజ్య పరిమాణమైతే 37వ సెక్షన్ అడ్డొస్తుంది: నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి సహేతుకమైన కారణాలున్నాయనీ, బెయిలు మీద బయటికొస్తే మళ్లీ నేరం చేయడనీ న్యాయస్థానానికి నమ్మకం కుదరాలి. విచారణ మొదలుకాకముందే నిర్దోషిత్వం వైపు మొగ్గు చూపించమనడం వంటిది ఇది. దర్యాప్తు గడువు కూడా 180 రోజులు. ఆ గీతకు లోపలున్నవారికి ఈ ఆంక్ష వర్తించదు. ఒకే బృందంలోని ఇద్దరిలో ఒకడు ఇంట్లో, మరొకడు జైల్లో ఉండటానికి పలుకుబడే కారణమనుకోవాల్సిన పనిలేదు. తరచుగా తూకమే కారణం.

ఇంత కఠినమైన చట్టం కాబట్టే పద్ధతి తప్పితే కేసు నిలవదు. ఒంటిమీద సోదా చేసేముందు గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేట్ ఎదుట సోదా కోరే హక్కు ఉందని నిందితుడికి చెప్పాలన్నది 50వ సెక్షన్. నమూనాలను మేజిస్ట్రేట్ ఎదుట తీసి ధ్రువీకరించాలన్నది 52ఎ. అధికారుల ఎదుట 67వ సెక్షన్ కింద ఇచ్చిన ఒప్పుకోలు వాంగ్మూలం సాక్ష్యంగా చెల్లదని 2020 అక్టోబరులో తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ‘నేరం ఒప్పుకున్నాడు’ అన్న వార్త చదివినప్పుడు ఈ ఒక్క తీర్పు గుర్తుంచుకుంటే చాలు.

పట్టివేతల లెక్క, వాడకం లెక్క

కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ నిపుణులు చేసి 2019లో వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం, దేశంలో 10 నుంచి 75 ఏళ్లవారిలో యాంఫెటమిన్ తరహా ఉత్ప్రేరకాలు వాడేవారు 0.18 శాతం. మద్యం తాగేవారు 14.6 శాతం, గంజాయి, భంగు వంటివి వాడేవారు 2.8 శాతం. అంటే బెజవాడ సైకియాట్రీ ఓపీ ముందు వరుసలో ఇప్పటికీ ఎక్కువమంది మద్యం బాధితులే ఉంటే ఆశ్చర్యపడనక్కర్లేదు. పట్టివేతలు పెరిగితే వాడకం పెరిగిందని కొందరు, నిఘా పెరిగిందని కొందరు అంటారు. ఒకే అంకె రెండింటికీ సరిపోతుంది కాబట్టి ఆ వాదన అక్కడే తిరుగుతుంటుంది.

మాత్ర లేని వైద్యం

మద్యం మాన్పడానికి డైసల్ఫిరామ్ ఉంది, హెరాయిన్‌కు బ్యుప్రెనార్ఫిన్ ఉంది. మెథాంఫెటమిన్ వ్యసనానికంటూ అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఆమోదించిన మందు ఒక్కటీ లేదు. నాల్ట్రెక్సోన్ ఇంజక్షన్‌ను, బ్యుప్రోపియాన్ మాత్రను కలిపి ఇచ్చి చూసిన ఒక పెద్ద పరిశోధన 2021లో వెలువడింది: మందు తీసుకున్నవారిలో 13.6 శాతం మందికి, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 2.5 శాతం మందికి ఫలితం కనిపించింది. వందమందికి ఇస్తే అదనంగా బాగుపడేది పదకొండు మంది అన్నమాట. ఏమీ లేనిచోట ఇది తీసిపారేసే ఫలితం కాదు, కానీ ‘పదిరోజుల్లో మాన్పిస్తాం’ అనే బోర్డులు రాసుకోవడానికి ఇది చాలదు.

ఇప్పటివరకు అన్నిటికన్నా బాగా పనిచేసినట్టు రుజువైన పద్ధతి వినగానే మనవాళ్లకు నవ్వొస్తుంది. వారానికి రెండు మూడుసార్లు మూత్ర పరీక్ష చేసి, మెథాంఫెటమిన్ ఆనవాలు లేకపోతే చిన్న బహుమతి ఇస్తారు. వరుసగా శుభ్రంగా ఉండేకొద్దీ బహుమతి విలువ పెరుగుతుంది, ఒక్కసారి తప్పితే మళ్లీ మొదటికొస్తుంది. ‘మానేసినందుకు ఎదురు డబ్బులా’ అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ డోపమైన్ వ్యవస్థ దెబ్బతిన్న మెదడుకు ఆరు నెలల తర్వాత వచ్చే మేలు కనబడదు, ఇవాళ చేతికొచ్చేది కనబడుతుంది. ఆ బలహీనతనే ఈ పద్ధతి మందుగా వాడుకుంటుంది. దీనికి తోడు, ఏ స్నేహితుడు ఫోన్ చేస్తే, ఏ జీతం రోజున, ఏ ఒంటరి రాత్రి కోరిక లేస్తుందో గుర్తించి తప్పుకోవడం నేర్పే కౌన్సెలింగ్ ఉంటుంది. మన ప్రభుత్వాస్పత్రుల్లో ఎక్కువగా దొరికేది ఈ రెండోదే. విజయవాడ, గుంటూరు జీజీహెచ్‌ల మానసిక వైద్య విభాగాల్లో నిద్రలేమికి, అనుమాన భ్రాంతులకు, కుంగుబాటుకు మందులిస్తూ కౌన్సెలింగ్ నడుపుతారు. కేంద్ర ప్రభుత్వ 14446 ఫోన్ సలహా కూడా ఆ కోవలోదే.

ప్రైవేటు డీ-అడిక్షన్ కేంద్రాలకు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వర్తిస్తుంది. అవి రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర నమోదు కావాలి. రోగి ఒప్పుకోని స్థితిలో ఉంటే నామినీ (రోగి తరఫు ప్రతినిధి) అర్జీ మీద, వైద్యుల పరీక్ష తర్వాత తొలివిడతగా 30 రోజుల వరకే ఉంచుకోవచ్చు. గొలుసులతో కట్టడం నిషిద్ధం. రాత్రికి రాత్రి నలుగురు మనుషులు వచ్చి కుర్రాణ్ణి కారెక్కించుకుపోయే పద్ధతికి ఈ చట్టంలో చోటు లేదు, నిస్సహాయులైన తల్లిదండ్రులే వాళ్లను పిలిచినా సరే.

మెదడు కోలుకోవడం నెమ్మది. దెబ్బతిన్న డోపమైన్ వాహకాలు ఏడాదికి పైగా దూరంగా ఉన్నవారిలో చాలావరకు తిరిగి పెరిగినట్టు స్కానింగ్ పరిశోధనలు చూపాయి. మొదటి నెలలోనే చదువు మీద శ్రద్ధ రాలేదని కొడుకును తిట్టే తండ్రికి ఈ కాలమానం తెలిస్తే కొంత మేలు.

64ఎ: స్టేషన్‌కూ ఆస్పత్రికీ మధ్య

వాడటమే నేరమా అంటే, అవును. 27వ సెక్షన్ కింద పదార్థాన్ని బట్టి ఆరు నెలలు లేదా ఏడాది వరకు జైలు, జరిమానా ఉన్నాయి. అయితే అదే చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది: వాడకం కేసులో గానీ స్వల్ప పరిమాణం కేసులో గానీ ఉన్న వ్యసనపరుడు, ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన ఆస్పత్రిలో స్వచ్ఛందంగా చికిత్స తీసుకుంటే అతణ్ణి ప్రాసిక్యూట్ చేయరాదు. నేరం రుజువైన తర్వాత కూడా జైలుకు బదులు చికిత్సకు పంపే అధికారాన్ని 39వ సెక్షన్ న్యాయస్థానానికి ఇచ్చింది.

కేసు భయం పూర్తిగా తీసేస్తే కాలేజీల దగ్గర అదుపు పోతుందనీ, వాడేవాడే రేపటికి నలుగురికి అమ్మేవాడవుతాడనీ పోలీసు అధికారులు వాదిస్తారు. కేసు భయం ఉన్నంతకాలం ఎవరూ మూడో రోజున ఆస్పత్రికి రారనీ, పిచ్చి ముదిరాకే వస్తారనీ వైద్యులంటారు. బయటి దేశాల అనుభవం ఎవరినీ పూర్తిగా గెలిపించలేదు. పోర్చుగల్ 2001 నుంచి సొంత వాడకాన్ని నేరాల జాబితా నుంచి తప్పించి, చికిత్సకు గట్టి ఏర్పాట్లు చేసి, ఆ దారిలోనే ఉంది. అమెరికాలోని ఓరెగన్ 2020లో ప్రజాభిప్రాయంతో అదే దారి పట్టి, చికిత్స ఏర్పాట్లు అందిరాక, వీధుల్లో వాడకం మీద జనం విసిగి, 2024లో వెనక్కి తిరిగింది.

మన 64ఎ ఈ రెండింటి నడుమ ఉంది కానీ, మెథాంఫెటమిన్ దగ్గర దానికో చిక్కు వస్తుంది. గుంటూరు దగ్గరి ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థి ఒకడు 1.6 గ్రాములతో దొరికి, ఈ సెక్షన్ కోరి, జీజీహెచ్‌లో చేరాడనుకుందాం. ‘పూర్తి చికిత్స’ తీసుకోకపోతే రక్షణను వెనక్కి తీసుకోవచ్చని చట్టం అంటోంది. మూడు వారాల తర్వాత డిశ్చార్జి చేశారు. రెండు నెలలు ఓపీకి క్రమంగా వచ్చాడు. నాలుగో నెలలో పాత స్నేహితుడు కలిశాడు, ఒకసారి వాడాడు, రెండు రోజుల తర్వాత తల్లిని వెంటబెట్టుకుని తనంతట తానే ఓపీకి తిరిగొచ్చి ఆ మాట చెప్పాడు. అది చికిత్స మానేయడమా, చికిత్సలో భాగమా? వైద్యశాస్త్రం రెండోదే అంటుంది. న్యాయస్థానం ముందుకు వెళ్లే కాగితం మీద ఆ సంగతి ఎలా రాయాలన్నది ఆ రోజు డ్యూటీలో ఉన్న వైద్యుడి కలం మీద ఆధారపడి ఉంటుంది.